ఫుట్టీలో గట్టితనం, నాయకత్వం: రెండో ప్రయత్నం లెక్క

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో, అక్కడివాళ్ల మాటలో ఫుట్టీలో, ఆఫ్‌సైడ్ అనేది లేదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఆ ఆటలో ధైర్యమంటే ఏమిటో సగం అర్థమైనట్టే. రగ్బీలో అవతలి జట్టు చాలావరకు ఎదురుగానే ఉంటుంది. ఫుట్టీలో జట్టుకు 18 మంది చొప్పున 36 మంది, కోడిగుడ్డు ఆకారంలో 135 నుంచి 185 మీటర్ల దాకా పొడవుండే మైదానమంతా పరుచుకుని ఉంటారు. దెబ్బ వీపు వెనక నుంచి రావచ్చు, పక్క నుంచి రావచ్చు. బంతి కోసం వంగినవాడికి తన వెనక ఎవరున్నారో తెలియదు. ఆ క్షణంలో వాడికి కళ్లు తన జట్టువాడి గొంతే. "వెనకున్నాడు!" అన్న కేక సమయానికి వినబడితే ఒళ్లు బిగించుకుంటాడు, లేకపోతే నలుగుతాడు. కాబట్టి ఈ ఆటలో గట్టితనం సగం మన ఒంట్లో, సగం పక్కవాడి నోట్లో ఉంటుంది. నాయకుడి పనంతా ఆ రెంటినీ కలపడమే.

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు, తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ పిల్లలకు ఫుట్టీ మొదట పరిచయమయ్యేది చిన్నపిల్లలకు ఆట నేర్పే ఆస్‌కిక్‌లో, ఆ తర్వాత జూనియర్ క్లబ్బుల్లో. గీత బయట నిలబడి చూసే అమ్మానాన్నలు చాలామంది, అవతలివాణ్ని పడగొట్టిన పిల్లాడే గట్టివాడనుకుంటారు. ఆట లోపలివాళ్లు చూసేది వేరు.

నేల మీద దొర్లే బంతి దగ్గర అది తేలిపోతుంది. ఇక్కడ జరిగే తప్పులు రెండు. మొదటిది, బంతికి ఇంకో అడుగు ఉందనగా వేగం కాస్త తగ్గించి అవతలివాణ్ని ముందు వెళ్లనివ్వడం. చూసేవాళ్లకు ఇది తెలియదు, జట్టులో మాత్రం అందరికీ తెలుస్తుంది. రెండోది, నడుము దగ్గర వంగి నడినెత్తి ముందుకు పెట్టి దూకడం. చూడ్డానికి తెగువలా ఉంటుంది కానీ మెడ ఎముకలకు ఇంతకంటే చెడ్డ భంగిమ లేదు. సరైన పద్ధతి నేర్చుకోదగ్గ పనే. ఆఖరి రెండు మూడు అడుగులు పొట్టిగా వేయాలి. మోకాళ్లు, తుంటి వంచి కిందికి దిగాలి. శరీరాన్ని కాస్త పక్కకు తిప్పితే అవతలివాడికి మన తుంటి, భుజం తగులుతాయి, తల తగలదు. చూపు బంతి మీదే ఉండాలి. అరచేతులు బంతికి ఎదురుగా, చిటికెన వేళ్లు దగ్గరగా, వేళ్లు నేలకేసి ఉంచాలి. అందగానే ఆగకుండా మరో రెండడుగులు ముందుకే పోవాలి. దెబ్బలు ఎక్కువగా తగిలేది ఆగినవాడికే. కాళ్లు ముందుపెట్టి జారుతూ వచ్చి అవతలివాడి మోకాళ్ల కింద బలంగా తగిలితే ఫ్రీ కిక్ ఇస్తారు. 2012లో సిడ్నీ ఆటగాడు గ్యారీ రోహన్ కాలు విరిగాక, 2013లో వచ్చిన నియమమది.

ట్యాకిల్ కూడా అంతే. పట్టు భుజాల కింద, మోకాళ్ల పైన ఉండాలి. మన తల అవతలివాడి శరీరానికి పక్కన ఉండాలి, ముందు ఎప్పుడూ ఉండకూడదు. భుజం ఆనించి, చేతులు చుట్టి, ఒక చెయ్యి అతని చేతిని కూడా బంధించేలా పట్టాలి. రెండు చేతులూ బంధించి గిరగిరా తిప్పి నేలకేసి కొడితే అతను తలను కాపాడుకోలేడు. దాన్నే స్లింగ్ ట్యాకిల్ అంటారు, ఈ రోజుల్లో ఆటగాళ్ల శిక్షలు తేల్చే ట్రైబ్యునల్ దాన్ని క్షమించదు.

ఇదంతా మొదటి ప్రయత్నం. ఫుట్టీవాళ్లు గౌరవించేది రెండోదాన్ని. కిక్ వేస్తున్నవాడి కాలి మీదికి చేతులు చాచి పడి బంతిని ఆపడాన్ని స్మదర్ అంటారు. స్మదర్ చేసినవాడు నేల మీద పడి ఉంటాడు, బంతి పక్కకు దొర్లుతుంది. అక్కడ లేచి మళ్లీ ఉరికేవాడెవడు? జట్టువాడు పరిగెడుతుంటే వెంటపడేవాడికి అడ్డుగా ఒళ్లు పెట్టడం షెపర్డ్. బంతికి 5 మీటర్ల లోపలే అది చెల్లుతుంది. తన్నిన బంతిని నేల తాకకముందే పట్టడం మార్క్. అలా మార్క్ పట్టబోయేవాడి చేతుల్లోంచి బంతిని పిడికిలితో గుద్దేయడం స్పాయిల్. ఇలాంటివాటిని ఆ ఆటలో వన్ పర్సెంటర్లు అంటారు. గోల్‌కు 6 పాయింట్లు, గోల్ స్తంభాల పక్కనుంచి పోయే బిహైండ్‌కు 1 ఇచ్చే స్కోర్‌బోర్డు మీద వీటికి చోటు లేదు. ఎవరూ చప్పట్లు కొట్టరు. అందుకే వీటిని చూసి, పేరుపెట్టి చెప్పే మనిషి జట్టుకు కావాలి. లేకపోతే మూడో వారానికి అవి ఆగిపోతాయి.

సాధనలో దీన్ని ఇలా పెట్టవచ్చు. ముగ్గురిని తీసుకోండి. మొదటివాడు బంతి తన్నబోతాడు, రెండోవాడు పక్కనుంచి వచ్చి స్మదర్ చేస్తాడు, దొర్లిన బంతిని మూడోవాడు తీసుకుని పారిపోతాడు. పడ్డవాడు లేచి 15 మీటర్లలోపు వాణ్ని పట్టుకోవాలి. ఒక విడత 15 నుంచి 20 సెకన్లు, విశ్రాంతి 45 సెకన్లు, ఆరు విడతలు చాలు. ట్యాకిల్ పద్ధతి నేర్పడం మాత్రం సాధన మొదట్లో, ఒళ్లు తాజాగా ఉన్నప్పుడే జరగాలి. అలసిపోయాక నేర్పితే తల తప్పు వైపు వెళ్తుంది, ఆ అలవాటు మ్యాచ్‌లోకీ వస్తుంది. స్మదర్‌లో కిక్ వేసే కాలికి సూటిగా ఎదురుగా దూకకూడదు. పక్క నుంచి, రెండు చేతులూ దగ్గరగా బూటు పైకి చాచి, మొహం పక్కకు తిప్పుకోవాలి.

ఇక నాయకత్వం. 2019 నుంచి ఏఎఫ్‌ఎల్‌లో, అంటే ఈ ఆట అత్యున్నత లీగ్‌లో, కోచ్ సందేశం మోసుకెళ్లే రన్నర్ గోల్ పడ్డాకే మైదానంలోకి రావాలి, ఆట మళ్లీ మొదలయ్యేలోపు వెళ్లిపోవాలి. మొదటి, మూడో క్వార్టర్ల తర్వాత విరామం 6 నిమిషాలు, హాఫ్‌టైమ్ 20. మిగతా సమయమంతా కోచ్ మైదానం బయటే ఉంటాడు, ఆట లోపలివాళ్ల చేతుల్లో ఉంటుంది. వరసగా మూడు గోల్స్ పడ్డాయనుకోండి. అప్పుడు కెప్టెన్ అరవాల్సింది "కమాన్ బాయ్స్" అని కాదు. మైదానం మధ్య ఆట మళ్లీ మొదలయ్యేటప్పుడు గోల్ వైపు ఎవరు నిలబడాలి, అవతలి బలమైన మిడ్‌ఫీల్డర్‌ను ఎవరు అడ్డుకోవాలి, బంతి దొరికితే వేగంగా పోవాలా లేక మార్క్ పట్టి ఆట నెమ్మది చేయాలా, ఈ మూడింటికీ పేర్లతో సహా జవాబు చెప్పాలి. పొరపాటు చేసిన కుర్రాడి దగ్గరికి ఎవరో ఒకరు వెళ్లాలి. తిట్టడానికి కాదు, తర్వాతి పని చేతికివ్వడానికి.

ఈ పద్ధతికి బాగా తెలిసిన ఉదాహరణ సిడ్నీ స్వాన్స్. 2002 మధ్యలో పాల్ రూస్ కోచ్ బాధ్యత తీసుకున్నాడు. 2003 సీజన్‌కు ముందు కాఫ్స్ హార్బర్‌లో జట్టు కూర్చుని, అవతలి జట్లు మనల్ని ఎలా చూస్తున్నాయి, ఎలా చూడాలి అన్న ప్రశ్న వేసుకుంది. గట్టిగా, క్రమశిక్షణగా, విడవకుండా ఆడే జట్టు అనిపించుకోవాలని ఆటగాళ్లే మూడు మాటలు ఎంచుకున్నారు. పాత సౌత్ మెల్‌బోర్న్ జట్టు ముద్దుపేరు బ్లడ్స్‌ను తిరిగి తెచ్చుకున్నారు. కెప్టెన్‌గా ఎన్నుకున్నది తారను కాదు, ప్రమాణాల విషయంలో రాజీపడని స్టువర్ట్ మాక్స్‌ఫీల్డ్‌ను. ప్రధాన జట్టుకు బయట ఉండే కొత్తవాళ్ల జాబితా, అంటే రూకీ లిస్టు, నుంచి వచ్చిన బ్రెట్ కర్క్ ఆ తీరుకు ఆనవాలయ్యాడు. 241 మ్యాచ్‌లు ఆడాడు, అందులో 200 వరసగా. 2005 గ్రాండ్ ఫైనల్లో సిడ్నీ వెస్ట్ కోస్ట్‌ను 58-54తో ఓడించింది, 72 ఏళ్ల తర్వాత కప్పు వచ్చింది. ఆఖరి క్షణాల్లో గుంపులోకి ఎగిరి లియో బ్యారీ పట్టిన మార్క్ అందరికీ గుర్తుంటుంది. ఆ రోజు కెప్టెన్ బ్యారీ హాల్. అదే హాల్ 2008లో వెస్ట్ కోస్ట్ ఆటగాడు బ్రెంట్ స్టేకర్‌ను పిడికిలితో గుద్ది పడేసి ఏడు మ్యాచ్‌ల నిషేధం తెచ్చుకున్నాడు. భయం పుట్టించే బలం ఒకటి, జట్టుకు పనికొచ్చే బలం ఒకటి. ఒకే మనిషిలో రెండూ ఉంటాయి. ఏది బయటికి రావాలో చెప్పేది చుట్టూ ఉన్నవాళ్లే.

చెప్పడమంటే ఎంత కష్టమో మరో ఏఎఫ్‌ఎల్ జట్టు గీలాంగ్ చూపించింది. 2006 చివర్లో తాగి పోలీసులకు చిక్కిన స్టీవ్ జాన్సన్‌ను బయట పెట్టాలని నిర్ణయించింది ఆటగాళ్ల నాయకత్వ బృందమే. 2007 సీజన్ మొదటి వారాలు అతను ఆడలేదు. తిరిగొచ్చి ఆ ఏడాది గ్రాండ్ ఫైనల్లో, గీలాంగ్ 119 పాయింట్లతో గెలిచిన మ్యాచ్‌లో, ఉత్తమ ఆటగాడిగా నార్మ్ స్మిత్ పతకం అందుకున్నాడు. బయట పెట్టినవాళ్లే తిరిగి లోపలికి దారి కూడా ఇచ్చారు. ఈ రెండో సగం మరిచిపోయిన జట్టులో నాయకత్వ బృందం పోలీస్ స్టేషన్‌లా తయారవుతుంది.

చిన్న క్లబ్బులో ఇలాంటి బృందం కట్టాలంటే 25 మంది ఆటగాళ్లకు నలుగురైదుగురు చాలు. "ఎవరు నాయకుడు కావాలి?" అని ఓటు అడగకండి, పేరున్నవాడికో, సరదాగా ఉండేవాడికో వెళ్తుంది. "నాలుగు గోల్స్ వెనకబడ్డప్పుడు నీ పక్కన ఎవరుండాలి?", "నీ తప్పు నీ మొహం మీదే చెప్పింది ఎవరు?" అని చీటీల మీద రాయించండి. రెంటిలోనూ వచ్చిన పేర్లే మీకు కావలసినవి. వెనక, మధ్య, ముందు వరసల నుంచి ఒక్కొక్కరైనా ఉండాలి, లేకపోతే మైదానంలో సగం మందికి ఆ గొంతు అందదు. జట్టు ప్రమాణాలు మూడు దాటకూడదు. మూడూ వీడియోలో కనబడేవి కావాలి. "కసిగా ఆడాలి" అన్నది ప్రమాణం కాదు, ఎవరూ లెక్కపెట్టలేరు. "బంతి పోగొట్టుకున్నవాడు ముందు తనే వెంటపడాలి" అన్నదాన్ని లెక్కపెట్టవచ్చు.

వారం మధ్య సమీక్షకు 15 నిమిషాలు సరిపోతుంది. ఆరేడుగురి గుంపుల్లో కూర్చోండి. మొదట కెప్టెన్ తన తప్పు క్లిప్ తనే పెట్టాలి, అది లేకుండా మిగతాది సాగదు. తర్వాత ప్రతి మాటా మూడు ముక్కల్లో రావాలి: ఏం చూశాను, దానివల్ల ఏమైంది, వచ్చే వారం ఏం చేయమంటున్నాను. "నీకు దమ్ము లేదు" అన్న మాట అక్కడ వినబడకూడదు. అది ఆ కుర్రాడి మీద తీర్పు, అతను చేసిన పని గురించి కాదు. అలాంటి మాట విన్న కుర్రాడు వచ్చే శనివారం బంతి వదిలేసి ఎవణ్నో గుద్దడానికి పోతాడు, ఫ్రీ కిక్ ఇచ్చి వస్తాడు.

ఈ విషయంలో ఏఎఫ్‌ఎల్ చరిత్రలో పక్కపక్కనే ఉన్న రెండు అధ్యాయాలున్నాయి. 2016లో 13వ స్థానంలో నిలిచిన రిచ్‌మండ్, మరుసటి ఏడాది ఆటగాళ్ల చేత తమకు ఆదర్శమైన మనిషి, పడ్డ కష్టం, సంతోషించిన ఘట్టం, ఈ మూడింటి గురించి జట్టు ముందు మాట్లాడించింది. కెప్టెన్ ట్రెంట్ కోచిన్ తన భయాల గురించి కూడా దాపరికం లేకుండా చెప్పడం మొదలుపెట్టాడు. 2017 గ్రాండ్ ఫైనల్లో అడిలైడ్‌ను 48 పాయింట్లతో ఓడించి 37 ఏళ్ల ఎదురుచూపు ముగించారు. ఓడిన అడిలైడ్ 2018 మొదట్లో గోల్డ్ కోస్ట్‌లో మానసిక గట్టితనం కోసం క్యాంప్ పెట్టింది. అక్కడ తాను నమ్మి చెప్పుకున్న సొంత విషయాలనే తన మీదికి తిట్లుగా విసిరారని అప్పటి ఆ జట్టు ఆటగాడు ఎడ్డీ బెట్స్ 2022లో బయటపెట్టాడు. క్లబ్ క్షమాపణ చెప్పింది. 2018లో ఆ జట్టు 12వ స్థానానికి పడిపోయింది. రెండు చోట్లా మనసు విప్పడమే జరిగింది. ఒకచోట విన్నవాళ్లు దాన్ని దాచుకున్నారు, ఇంకోచోట ఆయుధంగా వాడారు. ఏ క్లబ్బైనా ఇలాంటి పని తలపెడితే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. వద్దన్న ఆటగాడు వద్దనగలడా, అన్నాక అతని చోటు జట్టులో అలాగే ఉంటుందా?

అన్నిటికంటే ముఖ్యం తల దెబ్బ. పాత తరంలో తల తిరుగుతున్నా ఆడినవాణ్ని వీరుడన్నారు. ఆ ఆట దిగ్గజం పోలీ ఫార్మర్, డానీ ఫ్రాలీ, షేన్ టక్ చనిపోయాక వాళ్ల మెదళ్లలో సీటీఈ అనే మెదడు జబ్బు బయటపడింది. మళ్లీ మళ్లీ తగిలిన దెబ్బలతో వచ్చేది అది. 2023 ఫైనల్స్‌లో గాలిలోకి ఎగిరి స్మదర్ చేయబోయిన ఆటగాడు తగిలి స్పృహ తప్పిన ఆంగస్ బ్రేషా, 2024 ఫిబ్రవరిలో 28 ఏళ్లకే ఆట మానేయాల్సి వచ్చింది. ఆ తర్వాత స్మదర్ కోసం ఎగిరేవాడి మీద కూడా నియమాలు బిగిశాయి. ఇప్పుడు ఏఎఫ్‌ఎల్‌లో కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) తర్వాత కనీసం 12 రోజులు, స్థానిక క్లబ్బుల్లో కనీసం 21 రోజులు ఆగాలి. పిల్లలు దీన్ని దాస్తారు, జట్టులో చోటు పోతుందని. మైదానంలో దాన్ని మొదట గమనించేది పక్కనున్న ఆటగాడే. లేచేటప్పుడు తూలడం, తన మనిషిని వదిలి ఎటో నిలబడటం, స్కోరు అడిగితే తడుముకోవడం కనబడితే చెయ్యెత్తి, గాయాలు చూసే ట్రైనర్‌ను పిలవాలి. స్నేహితుడు కోపగించుకున్నా సరే పిలవాలి. కెప్టెన్ ఎవరన్నది నాకు అక్కడే తెలుస్తుంది. ఆ 21 రోజులు ఆ కుర్రాణ్ని ఇంట్లో వదిలేయకండి. డాక్టర్ సరేనన్నాక సాధనకు పిలిచి, గీత పక్కన కుర్చీ వేసి, పెన్సిలూ కాగితం ఇచ్చి, జట్టువాళ్ల రెండో ప్రయత్నాలు లెక్కపెట్టమనండి. వారం మధ్య సమీక్షలో ఆ లెక్క చదవాల్సింది అతనే.