బుట్టలోకి తిరిగి వెళ్లిన వేరు

ఘానా రాజధాని అక్రాలో ఉద్యోగం చేస్తూ నాలుగో ఏడు గడుస్తుండగా, వానలు జోరుగా పడే జూన్ నెలలో నాకు జ్వరం వచ్చింది. సాయంత్రమయ్యేసరికి వెన్నులో చలి పుట్టి, రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకా కొట్టుకునేవి. ఆ తర్వాత ఒళ్లంతా చెమటపట్టి తేలికపడేది. తెల్లవారితే తగ్గినట్టే ఉండడంతో, పారాసెటమాల్ మింగుతూ మూడు రోజులు ఆఫీసుకు వెళ్లాను. అది నేను చేసిన పెద్ద పొరపాటు.

నాలుగో రోజు మంచం దిగలేకపోయాను. పక్కింటి పెద్దావిడ పెరట్లోని వేపాకు దూసుకొచ్చి, పెద్ద గిన్నెలో మరిగించి, దుప్పటి కప్పి ఆవిరి పట్టించారు. ఆ చేదు వాసన ముక్కుకు తగలగానే, చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు మా అమ్మమ్మ పక్క మీద పరిచిన వేపమండలు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. వేప పశ్చిమాఫ్రికాకు మన దేశం నుంచే చేరింది. ఘానాలో దాన్ని ‘నిమ్’ అనే అంటారు.

ఆవిరితో జ్వరం లొంగలేదు. ఆవిడ నన్ను టాక్సీలో మకోలా మార్కెట్టుకు, తమ ఇంటికి ఏళ్లుగా మందులిచ్చే ఒక ముసలమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. ఎండిన బెరళ్లు, కట్టలు కట్టిన వేర్లు, పులుసుల్లో వాడే నల్లటి ప్రెకెసె కాయలు, వాటి మధ్య చిన్న పీట. ఆమె వేలెడు లావు వేరును కత్తితో చీల్చి చూపించారు. లోపల పచ్చి పసుపుకొమ్ములా మెరిసింది. ఘానాలో మాట్లాడే ట్వీ భాషలో దాని పేరు నిబిమా; మలేరియాకు అక్కడ తరతరాలుగా కాచి తాగుతున్న కషాయం దానిదే. నేను చెయ్యి చాచాను. ఆమె మాత్రం నా కింది కనురెప్పను బొటనవేలితో లాగి చూసి, మూత్రం ఏ రంగులో వస్తోందని అడిగి, వేరును తిరిగి బుట్టలో పెట్టేశారు. “కళ్లు పచ్చబడ్డాయి, బాబూ. ముందు రక్తం చూపించుకో. నా వేరు ఎక్కడికీ పోదు” అన్న ఆమె మాటను పక్కింటావిడ నాకు ఇంగ్లీషులో చెప్పారు.

ఆసుపత్రిలో వేలి నుంచి తీసిన ఒక్క చుక్కతో, పావుగంటలో మలేరియాల్లో ప్రమాదకరమైన ఫాల్సిపారమ్ రకం అని తేలింది. కామెర్లు కూడా ఉండడంతో చేర్చుకుని ఆర్టెసునేట్ సూదులు వేశారు: చేరగానే ఒకటి, అక్కణ్నుంచి 12వ గంటకు ఒకటి, 24వ గంటకు మరొకటి. తర్వాత మూడు రోజుల పాటు ఆరు విడతల మాత్రలు. కొవ్వున్న ఆహారంతో వేసుకుంటేనే ఆ మాత్ర ఒంట్లో బాగా కలుస్తుందని నర్సు చెబితే, పక్కింటావిడ పూటపూటా చిక్కటి వేరుశనగ పులుసు పంపించారు.

నన్ను బతికించిన ఆ సూది మందుకు మూలం కూడా ఒక మొక్కే. చైనా వైద్యంలో జ్వరాలకు వాడిన ఆకు నుంచి ఆర్టెసునేట్‌కు మూలమైన ఆర్టెమిసినిన్‌ను వెలికితీసినందుకే చైనా శాస్త్రవేత్త తూ యూయూకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. అందుకే ‘చెట్టు మందా, ఇంగ్లీషు మందా’ అనే వాదన నాకు రుచించదు. ఎంత మోతాదు, ఎవరికి, ఎప్పుడు అన్నవే అసలు ప్రశ్నలు. నిబిమాలోని క్రిప్టోలెపిన్ అనే రసాయనం మలేరియా క్రిమిని చంపుతుందని ప్రయోగశాలల్లో తేలింది. అది కణాల డీఎన్ఏకు అతుక్కుంటుందనీ తేలింది కాబట్టి కొలత తెలియకుండా తాగడం ప్రమాదమే. ఇలాంటి మొక్కలను పరీక్షించడానికే, ఎడిన్‌బరోలో వైద్యం చదివిన డాక్టర్ ఓకు అంపోఫో చొరవతో 1975లో ఘానాలోనే మాంపాంగ్-అక్వాపెమ్ కొండ మీద పరిశోధన కేంద్రం ఏర్పడింది. అక్కడి కుమాసీ నగర విశ్వవిద్యాలయంలో మూలికా వైద్యానికి డిగ్రీ కూడా ఉంది.

నీరసం నెల దాటినా వదల్లేదు. రెండు మెట్లెక్కితే గుండె దడదడలాడేది. కాస్త నడవగలిగాక మకోలాకు వెళ్లాను. ఆమె మాటామంతీ లేకుండా ముందు నా కనురెప్ప లాగి చూసి, తృప్తిగా తలూపారు. ఆనాటి వేరుకు డబ్బు ఇవ్వబోతే నా పిడికిలి మూసేశారు. పులుసులో వేసుకోమంటూ ఇచ్చిన రెండు ప్రెకెసె కాయలకు మాత్రం లెక్కగట్టి తీసుకున్నారు.