మోనీమస్క్‌లో ఒక ఫిడేలు బాణీ

అబెర్డీన్‌లో రైలెక్కి, ఇన్వెరూరీలో దిగి, అక్కడి నుంచి కారులో మోనీమస్క్ చేరేసరికి మధ్యాహ్నమైంది. పచ్చిక చుట్టూ రాతి ఇళ్లు, ఉత్తరాన బెన్నహీ కొండ, పక్కనే డాన్ నది. ఇంత చిన్న ఊరి పేరును స్కాట్లాండులో ఫిడేలు పట్టిన ప్రతివాడూ తలుస్తాడు, ఆ పేరుతోనే ఒక నాట్యపు బాణీ ఉంది కనుక.

ఆ బాణీ కట్టినవాడు డేనియల్ డౌ. 1776 ప్రాంతంలో అచ్చయిన ఆయన సంపుటిలో దానికి పెట్టిన పేరు మోనీమస్క్ ప్రభువు సర్ ఆర్చిబాల్డ్ గ్రాంటుది. మన కవులు కావ్యాన్ని కృతిభర్తకు అంకితమిచ్చినట్టే అక్కడి విద్వాంసులు బాణీలకు ప్రభువుల పేర్లు పెట్టేవారు. కాలక్రమంలో ప్రభువు పేరు జారిపోయి ఊరి పేరు మిగిలింది. అట్లాంటిక్ దాటి న్యూ ఇంగ్లండ్ నాట్యాల్లోకి వెళ్లాక అదీ ‘మనీ మస్క్’ అయింది. గ్రాంటును ఇక్కడ గుర్తుచేసేవి చెట్లే. బోడి నేల మీద ఆయన అడవులు పెంచాడు. నది ఒడ్డున పారడైజ్ వుడ్‌లో ఆ నీడల కింద గంటసేపు నడిచాను.

సాయంత్రం ఒక పబ్బులో నలుగురు ఫిడేలు వాయిస్తుంటే వారితో కూర్చున్నాను. చిన్ననాటి నుంచి కర్ణాటక సంగీతం వాయించే నేను, పుస్తకంలో చూసి నేర్చిన మోనీమస్క్‌ను వినిపించాను. ఒక పెద్దాయన శ్రద్ధగా విని, “స్వరాలన్నీ సరిగ్గా ఉన్నాయండీ, అడుగులే పడలేదు,” అన్నారు. అది స్ట్రాత్‌స్పే, అంటే స్పే నది లోయ పేరు మోసే నాట్యపు నడక. ఆయన వాయిస్తుండగా నాకు మన ఛందస్సు స్ఫురించింది: గురు లఘువుల హగణం వెంటనే తిరగబడి లఘు గురువుల వగణమవుతుంది, కాకపోతే ఇక్కడ గురువు రెండు మాత్రలు కాదు, మూడు. ఆ తిరగబడే చోటునే స్నాప్ అంటారు. నేను వాటిని సమంగా సాగదీసి, నాట్యాన్ని చంపేశాను.

తర్వాత ఆయన నా పక్కకు జరిగి కమాను చూపించారు. మొదటి గురువును కిందికి లాగి, మిగిలిన మూడు స్వరాలనూ ఒకే ఊపున పైకి నెడుతూ, చివరి గురువును మణికట్టుతో బలంగా తోసేవారు. ఆ తోపుకు, కమానుకు రాసే రోజిన్ అనే జిగురు పొడి తీగల మీంచి తెల్లగా లేచేది. మన కమానులో అంతటి విసురు నేనెప్పుడూ వాడలేదు. ఇంటికి వచ్చి మూడు నెలలైంది. రోజూ తెల్లవారుజామున ఆ మూడు స్వరాలనే సాధన చేస్తున్నాను, చివరిది ఇంకా ఆయన తోసినట్టు పలకడం లేదు.