ఓక్ చెట్ల నీడలో హోస్టాలు: ఆరేళ్ల నా అనుభవం

న్యూజెర్సీలో ఈ ఇంటికి మేం 2019 మార్చిలో వచ్చాం. పెరట్లో రెండు పెద్ద ఓక్ చెట్లు, కంచె వారన ఒక నార్వే మేపుల్. ఇల్లు చూసినప్పుడు చెట్లకు ఆకులు లేవు కాబట్టి ఎండ బాగానే పడుతుందనుకున్నాను. మే నెల వచ్చేసరికి సగం పెరడు రోజంతా నీడలోనే ఉంది. గడ్డి గింజలు రెండుసార్లు చల్లాం. మొలిచింది కానీ నిలవలేదు. జూన్‌కల్లా పల్చబడిపోయి నాచు మిగిలింది.

అయితే ఏప్రిల్‌లోనే పెద్ద ఓక్ మొదట్లో ఊదారంగు కొమ్ముల్లాంటివి నేలను చీల్చుకుని వచ్చాయి. ఒక్కోటి బొటనవేలంత లావు. వారం తిరక్కుండా అరటి మొవ్వాకు విచ్చుకున్నట్టు చుట్ట విప్పుకుని, తెల్లంచు ఉన్న పచ్చటి ఆకులయ్యాయి. పక్కింటి పెద్దావిడ కంచె మీంచి చూసి అది హోస్టా అని, పాత యజమానులు ఎప్పుడో పాతికేళ్ల కిందట నాటారని చెప్పారు.

మాది కోనసీమ. నాన్న కొబ్బరి తోటలో చెట్ల మధ్య కంద, పసుపు, అరటి ఉంటాయి, ఈ మధ్య కోకో కూడా వేశారు. నీడను ఖాళీగా వదిలెయ్యడం మా వైపు అలవాటు లేదు. అందుకని గడ్డి మీద ఆశ వదులుకుని ఆ కుదురునే పట్టుకున్నాను. హోస్టా పుట్టిల్లు జపాన్, కొరియా, చైనా. ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు నికొలాస్ థామస్ హోస్ట్ పేరు మీద దానికి ఆ పేరు పెట్టారు. ఎండ తక్కువైనా బతుకుతుంది కానీ చలి లేకపోతే బతకదు. అక్టోబరు, నవంబరులో ఆకు పసుపెక్కి మెత్తబడి నేలకు అంటుకుపోతుంది. ఆ తర్వాత కొన్ని వారాల గట్టి చలిలో దుంప నిద్రపోవాలి. ఆ నిద్ర లేకపోతే ఏటేటా నీరసపడి పోతుంది. అందుకే మన ఊళ్లలో ఇది పెరగదు. కోనసీమకు ఒక పిలక తెమ్మని చాలామంది అడిగారు, వాళ్లందరికీ ఇదే చెప్పాను.

ఆ జూన్‌లో ఒక రాత్రి జింకలు వచ్చాయి. పొద్దున లేచి కిటికీలోంచి చూస్తే ఆకు అన్నది లేదు, కాడలు మాత్రం కోసి నిలబెట్టినట్టున్నాయి. నాకు ఏడుపొచ్చింది. జపాన్‌లో వీటి లేత మొలకల్ని ఉరుయి అని కూరగా తింటారని ఆ తర్వాత చదివాను. మనుషులు తినే ఆకుకూరను జింకలు వదులుతాయా? కుక్కలకూ పిల్లులకూ మాత్రం ఇది పడదు, వాంతులవుతాయి. ఇంట్లో పెంపుడు జంతువులున్న వాళ్లు గుర్తుంచుకోవాలి.

జింకలు ఆగాలంటే ఎనిమిదడుగుల కంచె కావాలి. మా టౌన్‌లో పెరటి కంచె ఆరడుగులు దాటకూడదు. కాబట్టి వాసన మీద ఆధారపడ్డాను. నాలుగు లీటర్ల నీళ్లకు మూడు కోడిగుడ్లు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చెంచా కారం మిక్సీలో తిప్పి, పల్చటి గుడ్డలో వడకట్టి, రెండు రోజులు బయట పెట్టి చల్లుతాను. వడకట్టకపోతే స్ప్రే మూతి పూడుకుపోతుంది. ఎప్పుడు మొదలుపెడుతున్నామన్నది ముఖ్యం. ఆకులన్నీ విచ్చుకునే దాకా ఆగితే జింకలకు దారి అలవాటైపోతుంది. మొలక రెండంగుళాలున్నప్పుడే మొదటిసారి చల్లాలి. మళ్లీ రెండు వారాలకోసారి, పెద్ద వాన పడితే మర్నాడే. కొత్తగా వచ్చిన ఆకు మీద పాత మందు ఉండదు కదా. ఇది చేసిన ఏళ్లలో నష్టం ఆగిపోయిందని చెప్పను, నాలుగో వంతుకు తగ్గింది. ఒక్క 2021 జూలైలో మేం పది రోజులు ఊరెళ్తే మళ్లీ కాడలే మిగిలాయి.

నత్తల సంగతి అంత కష్టమనిపించలేదు. ఇక్కడ గుల్ల లేని నత్తలు ఎక్కువ, స్లగ్స్ అంటారు. రాత్రిపూట వచ్చి ఆకుకు ఈనెల మధ్య చిల్లులు పెడతాయి. పొద్దున్నే వెండి జరీ గీతలా మెరిసే జిగురు దారి కనిపిస్తే అవే. ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు మొలకలు వచ్చే రోజుల్లోనే సాయంత్రం పల్చగా చల్లితే చాలావరకు అదుపులో ఉంటాయి. మందపాటి ఆకు రకాల జోలికి పెద్దగా రావు.

ఇక విడదీయడం. నిజానికి హోస్టాను విడదీసి తీరాలన్న నియమం లేదు, పదుల ఏళ్లు ఒకేచోట ఉండగలదు. కానీ మా పాత కుదురు మధ్యలో బోసిపోయి, అంచుల్లో మాత్రం మొలుస్తోంది. నాకూ ఆ నీడంతా నింపాలని ఉంది. 2022 ఏప్రిల్‌లో అమ్మానాన్నా వచ్చారు. కోవిడ్ వల్ల మూడేళ్లు చూడలేదు వాళ్లని. జెట్‌లాగ్ తీరకముందే నాన్న పెరట్లోకి వెళ్లి కుదురు చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది పసుపు లాంటిదే కదమ్మా, పిలకలు విడగొట్టేద్దాం" అన్నారు.

మొలకలు మూడంగుళాలున్నాయి. అదే సరైన అదును. ఆకు విచ్చుకున్నాక చేస్తే ప్రతి ఆకూ నలిగి ఆ ఏడంతా గాయాలతో కనిపిస్తుంది. అదును తప్పితే ఆగస్టు చివర, నేల గడ్డకట్టడానికి ఆరు వారాలు ముందుగానైనా చెయ్యొచ్చు. కుదురుకు అడుగు దూరంలో చుట్టూ పారతో దింపి, కింద నుంచి లేపాం. ఇద్దరం పట్టినా లేవలేదు. చివరికి గోనె పట్టా కిందకు తోసి లాగాం. పైపుతో మట్టి కడిగాక అసలు రూపం కనిపించింది: తెల్లటి లావాటి వేళ్లు, వాటి పైన గట్టి దుంప లాంటి మొదలు, దాని మీద మొలకలు. లెక్కపెడితే నలభై మూడు. ఈ మొదలే హోస్టాకు ప్రాణం. ఆకులు పోతే మళ్లీ వస్తాయి, వేళ్లు తెగితే మళ్లీ పెరుగుతాయి. మొదలు కుళ్లితే ఇక ఏమీ రాదు.

రొట్టెలు కోసే పళ్ల కత్తి తెచ్చాను. నాన్న కత్తి అందుకోకుండా ముందు చేత్తో మెల్లగా ఊపి చూశారు. ఎక్కడ తనంతట తాను విడిపోతుందో అక్కడ విడదీసి, మొండికేసిన చోటే కత్తి పెట్టమన్నారు. "మూడు మొలకలకి తగ్గకూడదు, మరీ చిన్నదైతే తేరుకోడానికి రెండేళ్లు పడుద్ది." కంద ముక్కల్ని నాటేముందు పేడనీళ్లలో ముంచడం ఆయన అలవాటు. ఇక్కడ పేడనీళ్లు ఎక్కడి నుంచి తేను? కోసిన చోట్లు గంటసేపు నీడలో ఆరనిచ్చాం, సరిపోయింది. మొత్తం తొమ్మిది ముక్కలు వచ్చాయి. పాదులు వెడల్పుగా, లోతు తక్కువగా తీసి, కుళ్లిన ఓక్ ఆకుల ఎరువు కలిపి, ఇంతకుముందు ఎంత లోతులో ఉన్నాయో అంతే లోతులో పెట్టాం. మొదలు మీద మట్టి గానీ మల్చ్ (నేల మీద పరిచే ఆకులు, చెక్కపొట్టు) గానీ కుప్ప పొయ్యకూడదు, వేసవి వేడికి బూజు పట్టి కుళ్లుతుంది. ఆ ఏడు వారానికి రెండుసార్లు నీళ్లు పెట్టాను, ఎందుకంటే ఓక్ వేళ్లు సగం తాగేస్తాయి. మేపుల్ కిందైతే పార దిగదు, సన్నటి వేళ్లు చాపలా అల్లుకుని ఉంటాయి. అక్కడ కుండీల్లో పెట్టాను, ఇప్పటికీ కుండీల్లోనే ఉన్నాయి.

తొమ్మిదీ బతికాయి. ఆ ఉత్సాహంలో కొత్త రకాలు కొన్నాను. మెత్తటి నీలం ఆకుల హాల్సియన్, చెవుల్లాంటి చిన్ని ఆకులతో బ్లూ మౌస్ ఇయర్స్, బంగారు రంగులో ఇంత పెద్ద ఆకులేసే సమ్ అండ్ సబ్‌స్టెన్స్. నీలం రకాలకు ఆ రంగు ఆకు మీది మైనం పూత వల్ల వస్తుంది. వేలితో రాస్తే చెరిగిపోయి కింద పచ్చదనం కనపడుతుంది. ఎండ తగిలినా అంతే, అందుకే వాటిని చిక్కటి నీడలో పెట్టాను. పసుపు రకాలకు మాత్రం పొద్దుటి ఎండ కాసేపు పడాలి, అప్పుడే రంగు తేలుతుంది.

ఇంకొకటి కూడా కొన్నాను, సగం ధరకు పెట్టిన మొక్క. లేత పసుపు ఆకుల మీద ఈనెల వెంబడి సిరా కారినట్టు ముదురు పచ్చ చారలు. ఏదో కొత్త రకమనుకుని ముచ్చటపడి తెచ్చాను. అది హోస్టా వైరస్ ఎక్స్.

దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఈ ఆరేళ్ల శ్రమలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. ఈ వైరస్‌ను 1996లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బెన్ లాక్‌హార్ట్ గుర్తించారు. సోకిన మొక్కల ఆకుల మీది మరకలు అందంగా ఉండటంతో కొన్నింటిని కొత్త రకాలుగా పేర్లు పెట్టి అమ్మారని కూడా తర్వాత తేలింది. మందు లేదు. మొక్క రసంలో ఉంటుంది, ఒక మొక్కను కోసిన కత్తెరతో ఇంకోదాన్ని కోస్తే చాలు. సోకిన నెలలకో, ఒక్కోసారి ఏళ్లకో గానీ ఆకు మీద కనిపించదు. 2022 జూలైలో నేను వాడిపోయిన పూకాడలన్నీ ఒకే కత్తెరతో వరసగా కోసుకుంటూ వెళ్లాను. ఆ కొత్త మొక్క వరసలో రెండోది.

2023 జూన్‌లో సమ్ అండ్ సబ్‌స్టెన్స్ ఆకుల మీద అవే మరకలు, అక్కడక్కడా ఆకు ముడుచుకుని మందం పోయింది. పరీక్ష పట్టీలు తెప్పించాను. ఆకు ముక్కను ద్రావణంలో నలిపి పట్టీ ముంచితే, సోకితే రెండు గీతలు వస్తాయి. కోవిడ్ పరీక్షలాగే. సోఫాలో కూర్చుని ఒక్కో పట్టీ చూస్తుంటే ఆ రోజులే గుర్తొచ్చి చేతులు వణికాయి. ఐదు మొక్కలకు రెండు గీతలు. వాటిలో రెండు నాన్నతో కలిసి విడదీసినవి.

వేళ్లతో సహా తవ్వి, నల్ల సంచుల్లో కట్టి చెత్తలో వేశాను, కంపోస్టులో కాదు. మట్టిలో మిగిలిన వేరు ముక్కల్లో వైరస్ ఉండగలదు కాబట్టి ఆ పాదుల్లో రెండేళ్లు హోస్టా పెట్టకుండా ఫెర్న్‌లు, హెల్లెబోర్‌లు వేశాను. వాటిని జింకలు కూడా ముట్టుకోవు. నాన్నకు ఫోన్ చేసి చెప్తే కాసేపు మాట్లాడలేదు. "పోన్లే, మిగతావి కాపాడుకో" అన్నారు. అప్పటి నుంచి ఒక్కో మొక్కకూ ముట్టుకునే ముందు కత్తెరను సబ్బుతో రుద్ది కడిగి, బ్లీచ్ నీళ్లలో ముంచుతాను. పూకాడలైతే కొయ్యను, చేత్తో లాగేస్తాను. ఆకు మీద అనుమానం ఉన్న మొక్కను ఎంత చవకగా ఇచ్చినా తేను. మీరూ తేవద్దు.

తర్వాతి చలికాలం ఇంకో దెబ్బ. 2024 మార్చిలో మంచు కరిగాక హాల్సియన్ దగ్గర నేల మెత్తగా అనిపించి వేలుతో లాగితే మొదలు టోపీలా ఊడి చేతికొచ్చింది. కింద వేరు ఒక్కటీ లేదు. వోల్ అనే చిన్న తోక ఎలుకలు మంచు కింద, మల్చ్ కింద సొరంగాలు చేసుకుని వేళ్లన్నీ తినేశాయి. కానీ మొదలు గట్టిగానే ఉంది. దాన్ని కుండీలో తడి మట్టిలో పెట్టి నీడలో ఉంచితే మే చివరికి చిన్న ఆకులు నాలుగు వేసింది, ఇప్పుడు బాగుంది. అప్పటి నుంచి కొత్తగా నాటే ప్రతిదాన్నీ పావంగుళం కన్నాల ఇనుప జాలీని బుట్టలా వంచి అందులో పెడుతున్నాను. జాలీ అంచు నేలకు రెండంగుళాలు పైకి ఉండాలి, లేకపోతే ఎలుక పైనుంచి దిగుతుంది. మల్చ్ కూడా పల్చన చేశాను.

ఇప్పుడు 2025 ఏప్రిల్ చివర. మొత్తం ఇరవై రెండు కుదుళ్లు. వరండా మెట్ల పక్కన చైనా నుంచి వచ్చిన ప్లాంటజినియా అనే హోస్టా జాతి ఉంది. హోస్టా జాతుల్లో ఎండను బాగా తట్టుకునేది, మంచి వాసనున్నది అదే. ఆగస్టులో సాయంత్రం పూట తెల్లటి పొడుగాటి పూలు విచ్చుకుంటాయి. నిరుడు అమ్మ వచ్చినప్పుడు రోజూ ఆ మెట్ల మీదే కూర్చునేది. పక్కింటి పెద్దావిడకు నాన్న నాటిన వాటిలోంచి ఒక పిలక ఇస్తానన్నాను, పరీక్ష చేసి మరీ. ఆ కుండీ సిద్ధంగా ఉంది.

మొలకలన్నీ నాలుగైదు అంగుళాలకు వచ్చి కొసలు విచ్చుకుంటున్నాయి. ఈ రాత్రి 30 డిగ్రీల ఫారెన్‌హీట్ అంటున్నారు, అంటే సున్నాకు ఒక డిగ్రీ కింద. లేత ఆకు ఆ చలికి కాలి గాజులా అయిపోతుంది. ప్లాస్టిక్ కప్పితే అది ఆకుకు తగిలిన చోటల్లా మాడుతుంది, గుడ్డే కావాలి. అమ్మ వదిలివెళ్లిన పాత నేత చీరలు నాలుగున్నాయి, దుప్పట్లు మూడు. చీకటి పడకముందే కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద ఇటుకలు పెట్టి రావాలి.