మా వీధి దుర్గలు, చరిత్రలో దుర్గలు

గోదావరి జిల్లాల్లో ఏ ఊరి సెంటర్లోనైనా నిలబడి "దుర్గా!" అని కేకేస్తే కనీసం నలుగురు వెనక్కి తిరిగి చూస్తారు. కనకదుర్గలు, దుర్గాభవానులు, నాగదుర్గలు, వెంకటదుర్గలు... బడి రిజిస్టర్లో ఎలా ఉన్నా పిలుపులో అందరూ దుర్గలే. మెల్‌బోర్న్‌లో మా అమ్మాయి చదివే బడిలో మాత్రం దుర్గ అదొక్కతే.

ఆ పేరు పెట్టింది మా అత్తయ్య. వాళ్ళమ్మగారి పేరు. అప్పట్లో మా స్నేహితులంతా మాయ, తార, రియా అంటూ అక్కడివాళ్ళ నోరు తిరిగే రెండక్షరాల పేర్ల కోసం వెతుక్కుంటున్నారు. మాదీ రెండక్షరాలేగా అనుకున్నాం! పిల్లకి తొమ్మిదో ఏడు వచ్చేసరికి "నన్ను డీ అని పిలవండి" అని మొదలెట్టింది. అమ్మవారి కథ చెప్పాను, సింహం గురించి చెప్పాను, మహిషాసురుడి గురించి చెప్పాను. అన్నీ విని "ఓకే, కానీ డీ" అంది.

మా పేటలోని లైబ్రరీవాళ్ళు వేసవి సెలవులకి పిల్లలకో పని ఇచ్చారు. నీ పేరే ఉన్న నిజమైన మనుషుల గురించి బొమ్మలతో ఒక చిన్న పుస్తకం చెయ్యాలి. దేవుళ్ళు, కథల్లో పాత్రలు పనికిరావు. దీని స్నేహితురాలు షార్లెట్ అక్కడికక్కడే ముగ్గురిని పట్టేసింది. జేన్ ఐర్ రాసిన షార్లెట్ బ్రాంటీ, ఇంగ్లండు రాణి షార్లెట్, 1793లో ఫ్రాన్సులో మారా అనే విప్లవ నాయకుణ్ణి కత్తితో పొడిచిన షార్లెట్ కోర్డే. దావీద్ వేసిన ప్రసిద్ధ చిత్రంలో కోర్డే ఎక్కడా కనబడదు. చచ్చిపడి ఉన్న మారా చేతిలోని కాగితం మీద ఆవిడ పేరు మాత్రం ఉంటుంది. తొమ్మిదేళ్ళ పిల్లలకి ఇంతకంటే గొప్ప సంగతి ఏముంటుంది? "నా పేరు ఏ పెయింటింగ్‌లో ఉంది?" అని మా అమ్మాయి మొహం ముడుచుకుంది.

మా వేసవి సెలవులంటే ఊళ్ళో సంక్రాంతి రోజులు. ఆస్ట్రేలియాలో ఉన్నందుకు దక్కిన ఒక లాభం అది. కోనసీమలో మా అత్తగారి ఊరు చేరేసరికి పుస్తకంలో అట్ట మీద "డీ" అనే అక్షరం తప్ప ఏమీ లేదు.

అత్తయ్యకి విషయం చెబితే "ఓస్, ఇంతేనా" అని అరుగు మీద కూర్చుని మొదలెట్టారు. "కాలవగట్టు దుర్గ, మిషను దుర్గ, నర్సు దుర్గ, పెద్ద దుర్గ, చిన్న దుర్గ, చేపల దుర్గ..." అన్నీ మా వీధివే. మిషను దుర్గ బట్టలు కుడుతుంది. పెద్ద దుర్గ చిన్న దుర్గకంటే వయసులో చిన్నది, మనిషి మాత్రం పొడుగు. మా అమ్మాయికి ఇది తెగ నచ్చింది. "మరి నేను?" అంటే "నువ్వు ఆస్ట్రేలియా దుర్గవి" అన్నారు అత్తయ్య. మర్నాటికి వీధంతా అదే పిలుపు. "డీ" అనమని ఇక్కడ ఎవరినీ అడగలేదు. అడిగినా ఎవరూ వినేవాళ్ళు కాదు.

చరిత్రలో దుర్గల దగ్గరికొస్తే, ముందు మన రాజమండ్రి పిల్లతోనే మొదలెట్టాలని అత్తయ్య పట్టు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో అక్కడే పుట్టారు. నేనైతే రాజ్యాంగ సభ సభ్యురాలు, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపన, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలు, 1975లో పద్మవిభూషణ్ అని వరసగా చెప్పుకుపోయాను. పిల్ల ఆవులించింది. అత్తయ్య మధ్యలో అందుకుని కాకినాడ గేటు దగ్గరికి తీసుకెళ్ళారు. 1923లో అక్కడ కాంగ్రెస్ మహాసభలు. ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర పద్నాలుగేళ్ళ దుర్గాబాయి వాలంటీరు. టికెట్ లేనిదే ఎవరినీ లోపలికి పంపొద్దని చెప్పారు. జవాహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, టికెట్ లేదు. ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి టికెట్ తెచ్చి ఇచ్చాకే వదిలింది.

"ఆయన ఎవరో తెలియదా దానికి?"

"తెలుసే. తెలిసే ఆపింది."

ఎనిమిదో ఏట పెళ్ళి చేశారని, పెద్దయ్యాక ఆ పెళ్ళి తనకొద్దని చెప్పేసిందని విన్నప్పుడు మాత్రం "నాకంటే చిన్నప్పుడా" అని కాసేపు మాట్లాడలేదు. ఇంగ్లీషు చదువు వద్దని బడి మానేసి, రాజమండ్రిలో ఆడపిల్లలకి హిందీ పాఠశాల పెట్టిందని తెలిశాక మళ్ళీ హుషారొచ్చింది. "నేనూ మానేసి ఇక్కడే బడి పెట్టుకుంటా" అంది. చరిత్ర చెప్పేటప్పుడు ఇలాంటి ఇబ్బందులు తప్పవు. మా ఊరి సెంటర్లో కాటన్ దొర విగ్రహం ఉంది, రోజూ చూస్తోంది. "దుర్గాబాయి విగ్రహం ఎక్కడ?" అని అడిగితే తాతయ్య పేపర్ అడ్డం పెట్టుకున్నారు.

మిగతావాళ్ళని నేనే వెతికిపెట్టాను. దుర్గాబాయి కామత్: 1913లో దాదాసాహెబ్ ఫాల్కే తీసిన మోహినీ భస్మాసుర్ సినిమాలో పార్వతి వేషం వేసింది, కూతురు కమల మోహిని. అదే ఏడు అంతకుముందు వచ్చిన రాజా హరిశ్చంద్రలో రాణి వేషం వేసింది ఒక మగాయన. ఆడవాళ్ళు తెర మీదకి రావడానికి జంకుతున్న రోజుల్లో తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి వచ్చేశారన్నమాట. నటి దుర్గా ఖోటే గురించి క్లుప్తంగా చెప్పాను: 1932లో అయోధ్యేచా రాజా, 1983లో ఫాల్కే అవార్డు. పిల్లకి నచ్చలేదు, నేనూ బలవంతపెట్టలేదు.

దుర్గా భాభీ దగ్గర మాత్రం ఇంట్లో అందరం కూర్చుండిపోయాం. 1928 డిసెంబరు, లాహోరు. పోలీసు అధికారి సాండర్స్ హత్య తర్వాత భగత్ సింగ్ కోసం పోలీసులు ఊరంతా జల్లెడ పడుతున్నారు. అందరూ దుర్గా భాభీ అని పిలిచే దుర్గావతీ దేవి చంటి కొడుకుని ఎత్తుకుని, హ్యాటూ కోటూ వేసుకున్న భగత్ సింగ్ పక్కన భార్యలా నడిచి రైలెక్కింది. వెంట రాజ్‌గురు నౌకరు వేషంలో. "అసలు మొగుడేమనుకున్నాడో" అన్నారు అత్తయ్య. ఆయనా విప్లవకారుడే, భగవతీ చరణ్ వోహ్రా. 1930లో రావీ ఒడ్డున బాంబు పరీక్షిస్తూ చనిపోయారు. ఆవిడ తర్వాత లక్నోలో పిల్లల బడి నడిపి, 1999 దాకా బతికారు. "మరి ఆ పిల్లాడు రైల్లో ఏడవలేదా?" అని అడిగింది మా అమ్మాయి. ప్రవాసంలో పిల్లలతో విమానాలెక్కేవాళ్ళకి ఆ టెన్షన్ చెప్పకుండానే అర్థమవుతుంది.

అసలు రోజు భోగి ముందు రోజు. తెల్లారగట్ల అత్తయ్య వాకిట్లో పేడ కళ్ళాపి చల్లి చుక్కలు పెడుతున్నారు. పక్కన కూర్చుని మా అమ్మాయి టాబ్లెట్‌లో దుర్గాబాయి వ్యామ్ బొమ్మలు చూపించింది. ఈవిడ మధ్యప్రదేశ్ మండ్లా జిల్లాలో పుట్టిన గోండు చిత్రకారిణి. పెళ్ళిళ్ళకి, పండగలకి ఇళ్ళ గోడల మీద, నేల మీద వేసే డిగ్నా అనే అలంకారాన్ని చిన్నప్పుడే ఇంటి పెద్దల దగ్గర నేర్చుకున్నారు. అంబేడ్కర్ జీవితం మీద వచ్చిన భీమాయన పుస్తకానికి భర్త సుభాష్ వ్యామ్‌తో కలిసి బొమ్మలు వేశారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. నెమలి ఒంటి నిండా సన్నటి గీతలు, చుక్కలు. అత్తయ్య ముగ్గుచెయ్యి చీరకి తుడుచుకుని, కళ్ళజోడు పైకి జరిపి, బొమ్మని పెద్దది చేయించి చూశారు. "ఎక్కడా చెయ్యి వణకలేదే ఈవిడకి" అన్నారు. అత్తయ్య నోట మరొకరి ముగ్గుకి మెచ్చుకోలు రావడం నేనెప్పుడూ వినలేదు.

తర్వాత పిల్ల చేతికి పిండి ఇచ్చారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి సన్నగా జారాలి. దీని చేతిలోంచి ముందు కుప్పలుగా పడింది. తర్వాత గీత వచ్చింది గానీ చుక్కల మధ్యనుంచి కాకుండా చుక్కల మీంచే వెళ్ళింది. అత్తయ్య చెరపలేదు. చుట్టూ మెలిక తిప్పి అదీ ముగ్గులో కలిపేశారు.

తిరిగొచ్చాక పుస్తకం ఇచ్చేసింది. నలుగురు దుర్గలు: గేటు దగ్గర దుర్గాబాయి, రైల్లో దుర్గా భాభీ, నెమలి వేసిన దుర్గాబాయి వ్యామ్, కుట్టుమిషను ముందు మా మిషను దుర్గ. ఆఖరావిడ చరిత్రలో ఉందా అని లైబ్రేరియన్ అడిగితే, తన సంక్రాంతి లంగా కుట్టింది ఆవిడేనని చెప్పి వచ్చింది. 1564లో అక్బరు సేనతో పోరాడి, పట్టుబడకుండా ప్రాణం తీసుకున్న రాణీ దుర్గావతి ఉంటుందనే అనుకున్నాను. వ్యామ్ పుట్టిన మండ్లా కూడా ఆ రాణి ఏలిన నేలే. ఎందుకు వదిలేశావే అంటే, రాణి యుద్ధానికెళ్ళిన ఏనుగు బొమ్మ తనకి కుదరడం లేదంది. అట్ట మీద అక్షరం పక్కన మిగతావి కూడా రాసింది. బడిలో ఇంకా "డీ"నే.