కూర్చున్న గంట, మిగిలిన ఇరవై మూడు గంటలు

విపశ్యన అనే బౌద్ధ ధ్యానాన్ని నేర్పే పది రోజుల శిబిరం నుంచి తిరిగివచ్చిన మొదటి వారం నేను ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట తప్పకుండా ధ్యానానికి కూర్చున్నాను. రెండో వారానికి సాయంత్రపు గంట అరగంట అయింది. నెల తిరిగేసరికి ఉదయపుదీ అంతే అయింది. మూడో నెలలో ఆసనం మడతపెట్టి అలమారులో పెట్టేశాను. శిబిరంలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి, రోజుకు దాదాపు పది గంటలు మౌనంగా కూర్చోగలిగినవాణ్ణి ఇంట్లో అరగంటయినా కూర్చోలేకపోవడానికి బద్ధకమే కారణమని చాలాకాలం అనుకున్నాను. బద్ధకం లేదని అనను గానీ, అసలు పొరపాటు మరోచోట ఉంది. ధ్యానమంటే కూర్చోవడమేననీ, లేచిన తరువాత మొదలయ్యేది దానితో సంబంధంలేని వేరే బతుకనీ నేను నమ్మాను.

ఆ నమ్మకాన్ని మొదట కదిలించినది ఒక మాట. తొలి బౌద్ధ గ్రంథాల భాష అయిన పాలిలో 'సతి' అనేది సంస్కృతంలోని 'స్మృతి'యే, అంటే జ్ఞప్తి. ఏకాగ్రతకు వేరే మాట ఉంది, అది సమాధి. సతి అంటే మనం ఏం చేస్తున్నామో మరచిపోకుండా ఉండటం. తెలుగులో దీనికి 'ఎరుక' కన్నా దగ్గరి మాట నాకు కనిపించలేదు, ఎందుకంటే అందులో తెలివీ ఉంది, జ్ఞాపకమూ ఉంది. ఎరుకను అలా అర్థం చేసుకుంటే దానికి ఆసనం, చీకటి గది, నిశ్శబ్దం తప్పనిసరి కావు. బుద్ధుడి ఉపదేశాల సంపుటాల్లో ఒకటైన మజ్ఝిమనికాయంలోని సతిపట్ఠాన సుత్తం ఈ విషయంలో ఏ మొహమాటమూ పెట్టుకోలేదు. ముందుకు నడిచేటప్పుడూ వెనక్కు తిరిగేటప్పుడూ, చేయి ముడిచేటప్పుడూ చాచేటప్పుడూ, తినేటప్పుడూ తాగేటప్పుడూ, మాట్లాడేటప్పుడూ మౌనంగా ఉన్నప్పుడూ, చివరికి మలమూత్ర విసర్జన వేళ కూడా ఎరుకతో ఉండమని అది వరసగా చెబుతుంది. శిబిరంలో ఇదంతా విన్నానేమో గానీ, అప్పుడు నా ధ్యాసంతా మోకాళ్ల నొప్పి మీదే ఉండేది.

ఈ సంప్రదాయంలో నన్ను ఎక్కువగా నిలబెట్టింది మాత్రం బుద్ధుడు తన కొడుకు రాహులుడికి అంబలట్ఠికలో చేసిన ఉపదేశం. బుద్ధుడు రావడం చూసి రాహులుడు ఆసనం వేసి, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు పెడతాడు. బుద్ధుడు కాళ్లు కడుక్కుని, పాత్రలో కొద్దిగా నీళ్లు మిగిల్చి, తెలిసి అబద్ధమాడటానికి సిగ్గుపడనివారిలోని శ్రమణత్వం, అంటే సన్యాసపు విలువ, ఇంతేనని చూపిస్తాడు. ఆ నీళ్లు పారబోసి, పాత్రను బోర్లించి, మళ్లీ తిప్పి ఖాళీగా చూపిస్తూ ఆ మాటనే మరింత గట్టిపరుస్తాడు. తరువాత, అద్దం ఎందుకని అడుగుతాడు. చూసుకోవడానికని రాహులుడు జవాబిస్తే, చేసే పనినైనా మాటనైనా తలపునైనా అలాగే, చేయబోయే ముందూ, చేస్తున్నప్పుడూ, చేసిన తరువాతా చూసుకొమ్మంటాడు. అది నీకు గానీ ఇతరులకు గానీ హాని చేసేదా అని అడుగుతూ ఉండమంటాడు. శ్వాసను గమనించే సాధన రాహులుడికి చెప్పడం మరో సుత్తంలో వస్తుంది. ఇక్కడ మొదలు మాత్రం అబద్ధం దగ్గర.

ఈ మూడు చూపుల్లో నాకు చేతనైనది చాలాకాలం మూడోదొక్కటే. కోపంతో ఎవరికో సందేశం పంపి, రాత్రి పడుకున్నాక అయ్యో అనుకునేవాణ్ణి. కొంతకాలానికి, రాస్తున్నప్పుడే దవడ బిగుసుకోవడం తెలియసాగింది. అది రెండో చూపు. శిబిరంలో శరీరంలోని సంవేదనలను గంటల తరబడి గమనించినందుకు దక్కిన ప్రతిఫలం ఇదేనని అప్పుడు తట్టింది. పంపకముందే చేయి ఆగడం ఇప్పటికీ అరుదు. అయితే హింస, దొంగతనం, అబద్ధం వంటివి మానమనే పంచశీలాలను నేను అంతకుముందు ధ్యానానికి ప్రవేశ రుసుములాగా చూసేవాణ్ణి. నిజానికి అవి రోజంతా సాగే సాధనకు కొలతలు.

ఇళ్లల్లో ఉండేవారు ఇలా పెద్దయెత్తున ధ్యానం చేయడం మనం అనుకునేంత పాతది కాదు. శతాబ్దాలపాటు బౌద్ధ గృహస్థుల సాధన ప్రధానంగా దానం, శీలం, పౌర్ణమి అమావాస్యల వంటి ఉపోసథ అనే వ్రత దినాల్లో అష్టశీలాల, అంటే ఎనిమిది నియమాల, పాలన. బర్మాలో లెడీ సయాడో (1846–1923) విపశ్యనను గృహస్థుల దగ్గరకు తెచ్చాడు. ఆ పరంపరలో రైతు అయిన సయా తెట్‌జీ, ప్రభుత్వ ఖాతాల శాఖలో అత్యున్నత పదవి చేస్తూనే ధ్యానం నేర్పిన ఊ బా ఖిన్, వ్యాపారి అయిన సత్యనారాయణ గోయెంకా వచ్చారు. 1969లో గోయెంకా భారతదేశంలో శిబిరాలు మొదలుపెట్టాడు. అంటే నా వరకు ఈ విద్యను చేర్చినవారిలో చాలామంది ఉద్యోగం, సంసారం ఉన్నవారే, తీరిక లేదన్న సాకు వారి ముందు నిలవదు. (1979లో అమెరికాలో జాన్ కబట్-జిన్ ఆసుపత్రి రోగులకోసం ఇదే ఎరుకను కొన్ని వారాల శిక్షణగా మలిచాడు. అది ఎందరికో ఉపశమనం ఇచ్చింది, కాదనను; శీలాన్ని పక్కనబెట్టి ప్రశాంతతను మాత్రమే అమ్మే యాప్‌లను చూస్తే మాత్రం నాకు రాహులుడి ఖాళీ పాత్ర గుర్తొస్తుంది.)

ఉపోసథాన్ని నేను పూర్తిగా పాటించలేను. పౌర్ణమి నాడు మధ్యాహ్నం తరువాత భోజనం మానడం, వినోదాలకు దూరంగా ఉండటం, ఫోన్ కట్టేయడం వరకు చేస్తున్నాను. ఫోన్ నా సొంత చేర్పు. మొదటి పౌర్ణమి నాటి సాయంత్రం ఆకలి కన్నా, ఊరికే ఫోన్ కోసం తడుముకునే చేతినే ఎక్కువసార్లు పట్టుకున్నాను.

ఆసనం అలమారులోంచి బయటకు వచ్చింది. గంట కాదు, ఇరవై నిమిషాలు కూర్చుంటున్నాను. శ్వాసలు లెక్కించేటప్పుడు ఐదుకు తక్కువ గాని పదికి మించి గాని పోవద్దని విశుద్ధిమగ్గం అనే సాధన గ్రంథంలో పాలి వ్యాఖ్యాత బుద్ధఘోషుడు చెప్పిన పద్ధతినే పట్టుకున్నాను. నిన్న ఉదయం పద్నాలుగు దాకా వెళ్లాక గాని పది దాటానన్న సంగతి తెలియలేదు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.