వైరు తెగితే ఏమవుతుంది?

ఒరెగాన్‌లో పోర్ట్‌లాండ్‌కి దక్షిణంగా అరోరా అనే చిన్న ఊరుంది. చుట్టూ హేజల్‌నట్ తోటలు, పక్కనే ఒక రన్‌వే. ఎవరికి వాళ్లు కట్టుకునే విమానాల కిట్లు అమ్మే వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ ఇక్కడే ఉంది. వాళ్ల ఆర్‌వి విమానాలు ప్రపంచమంతా కలిపి 11,000కు పైగా గాల్లోకి లేచాయి. ఇలా సొంతంగా విమానం కట్టుకునేవాళ్లకి ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెళ్లు, వైరింగ్ హార్నెస్‌లు (కొలత ప్రకారం కట్టిన వైర్ల కట్టలు) చేసిచ్చే షాపు ఒకటుంది. నేను అందులో పనిచేస్తాను.

గుంటూరు మహిళా పాలిటెక్నిక్‌లో ఈఈఈ చదివాను. మా ఆయన ఉద్యోగం వల్ల పోర్ట్‌లాండ్ దగ్గరున్న హిల్స్‌బరో వచ్చి పడ్డాం. నాది హెచ్4 వీసా, అంటే హెచ్1బీ ఉద్యోగి మీద ఆధారపడ్డ కుటుంబసభ్యులకిచ్చేది. ఆ వీసా మీద ఉన్నవాళ్లలో కొందరికి 2015 నుంచి పనిచేసుకునే అనుమతి ఇస్తున్నారు. మా ఆయన గ్రీన్‌కార్డు పిటిషన్‌కి ఆమోదం వచ్చాక నాకూ ఆ పని అనుమతి కార్డు వచ్చింది. తెలిసినవాళ్లంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోమన్నారు. నాకు మనసొప్పలేదు. తెనాలిలో నాన్న మోటారు వైండింగ్ షాపులో, వార్నిష్ వాసన పీలుస్తూ పెరిగాను. చేతికి వైరు తగిలితేనే నాకు పని చేసినట్టుంటుంది.

"ఇంట్లో విమానం కట్టడమేంటి, గవర్నమెంటు ఊరుకుంటుందా?" అని మా అత్తగారు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. ఇక్కడ దానికి ప్రత్యేకంగా చట్టమే ఉంది. విమానంలో సగానికి పైగా పని చదువు కోసమో సరదా కోసమో ఔత్సాహికులే చేసుకున్నారని నిరూపిస్తే ఎక్స్‌పెరిమెంటల్ తరగతి కింద సర్టిఫికెట్ ఇస్తారు. ఇంజను, ప్రొపెల్లరు, రేడియోల లాంటివి బయట కొనుక్కోవచ్చు. మొదట సాధారణంగా 25 గంటలో 40 గంటలో, నిర్ణయించిన ప్రాంతంలోనే ఎగిరి పరీక్షించాలి. కట్టినవాళ్లు దరఖాస్తు చేసుకుంటే ఏటేటా జరగాల్సిన తనిఖీ చేసే అధికారం కూడా వాళ్లకే ఇస్తారు. మన దేశంలో ముంబైకి చెందిన పైలట్ అమోల్ యాదవ్ మేడ మీద విమానం కట్టి, 2017లో దానికి రిజిస్ట్రేషన్ సాధించడానికి ఏళ్ల తరబడి తిరిగారు. ఇక్కడ ఒక రిటైర్డ్ స్కూలు టీచరు తన గ్యారేజీలో రివెట్లు కొడుతుంటే పక్కింటివాళ్లు తలుపు దగ్గర నిలబడి చూస్తారు, అంతే. పౌరుడి చేతి పనిని ఇంతగా నమ్మిన చట్టాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

కొత్తలో నాన్నతో వీడియో కాల్‌లో పెద్ద చర్చే నడిచింది.

"జాయింట్లకి సోల్డరింగ్ పెట్టరా అమ్మా?"

"పెట్టం నాన్నా, క్రింప్ చేస్తాం."

"ప్లయర్‌తో నొక్కడమేగా! నాలుగు రోజుల్లో లూజయిపోతుంది."

మా క్రింపర్ కెమెరా ముందు పెట్టి చూపించాను. అది మామూలు ప్లయర్ కాదు. పూర్తిగా నొక్కేదాకా దాని నోరు మళ్లీ తెరుచుకోదు. సగం నొక్కి వదిలేద్దామన్నా కుదరదు. మేం ఎక్కువగా వాడే 22 గేజ్ వైరులో, తగరం పూత పూసిన 19 సన్నని రాగి పోగులుంటాయి. సోల్డరు పెడితే అది పోగుల మధ్యలోంచి పైకి పాకుతుంది. పాకినంత మేరా వైరు కడ్డీలా బిగుసుకుపోతుంది, ఆపైన మెత్తగానే ఉంటుంది. ఇంజను కంపిస్తున్నప్పుడు వైరు వంగేది సరిగ్గా ఆ హద్దు దగ్గరే. ఆధారం లేకుండా వదిలేస్తే ఒక్కో పోగే తెగుతూ వస్తుంది. నాన్న కాసేపు ఆలోచించి, "మరి లాగి చూస్తారా?" అని అడిగారు. చూస్తాం. పని మొదలుపెట్టే ముందు నమూనా క్రింపుల్ని, లాగుడు బలం కొలిచే గేజికి తగిలించి లాగుతాం. అది విన్నాక ఆయన మనసు కుదుటపడింది.

వైరు పైతొడుగు సంగతీ అంతే. ఇళ్లల్లో వాడే పీవీసీ వైరు కాలితే ఊపిరాడనివ్వని పొగ వస్తుంది. ఇద్దరు పట్టే క్యాబిన్‌లో, గాల్లో, కిటికీ తీసుకుని బయటపడే వీలు లేదు. అందుకే 150 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకునే టెఫ్‌జెల్ అనే ప్లాస్టిక్ తొడుగు వాడతాం. బ్రేకరు కూడా ఉన్నది రేడియోని కాపాడటానికని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది వైరుని. 22 గేజ్ వైరుకి 5 ఆంపియర్ల బ్రేకరు పెట్టేది అందుకే.

మా షాపులో ప్రతి వైరుకీ ఒక ప్రశ్న వేస్తాం: ఇది తెగితే ఏమవుతుంది? ఇంట్లో స్విచ్చు వైరు తెగితే బల్బు ఆరిపోతుంది. మాగ్నెటో వైరు దగ్గర లెక్క తలకిందులవుతుంది. లైకమింగ్ లాంటి చిన్న విమాన ఇంజన్లలో స్పార్కు ఇవ్వడానికి సాధారణంగా రెండు మాగ్నెటోలుంటాయి. ఇంజను తిరుగుతున్నంతసేపూ అవే స్పార్కు పుట్టించుకుంటాయి, బ్యాటరీతో పనిలేదు. వాటిని ఆపాలంటే పీ-లీడ్ అనే వైరుని స్విచ్చు ద్వారా గ్రౌండు చెయ్యాలి. ఆ వైరు తెగిందంటే స్విచ్చు ఆఫ్‌లో ఉన్నా మాగ్నెటో ఆన్‌లోనే ఉన్నట్టు. హ్యాంగర్‌లో ఎవరైనా ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పితే ఇంజను ఒక్కసారిగా రాజుకోవచ్చు, చెయ్యి పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే ఆ ఒక్క వైరుని నేను షీల్డుతో సహా రెండు చివరలా చూసి, కదిపి, క్లాంపు బిగించి, మళ్లీ చూస్తాను. పైలట్లు టేకాఫ్‌కి ముందు ఒక్కో మాగ్నెటోనీ విడిగా ఆపి చూస్తారు. అప్పుడు ఆర్‌పీఎం, అంటే ఇంజను తిరిగే వేగం, కొంచెం పడాలి. అసలు పడకపోతే సంబరపడకూడదు, పీ-లీడ్‌ని అనుమానించాలి.

వేడిని కొలిచే థర్మోకపుల్స్ దగ్గర మన అలవాటు ఇంకోలా అడ్డొస్తుంది. ఎగ్జాస్ట్‌కి కె రకం, సిలిండర్ హెడ్‌కి జె రకం వాడటం మామూలు. అమెరికా పద్ధతిలో వీటి ఎర్ర వైరు నెగటివ్. ఎరుపంటే పాజిటివ్ అని నూరిపోసిన కళ్లకి ఇది మింగుడుపడదు. తిరగేసి కలిపితే ఇంజను వేడెక్కుతుంటే రీడింగు కిందకి దిగుతుంది. పొడవు చాలలేదని మధ్యలో రాగి వైరు అతికిస్తే ఆ అతుకు దగ్గరి వేడి కూడా లెక్కలో దూరి అంకె తప్పుతుంది. అదే మిశ్రమలోహంతో చేసిన వైరే వెయ్యాలి. హార్నెస్ పంపేముందు ప్రోబుని మరిగే నీళ్లలో ముంచి, తెరమీద 100 డిగ్రీల దగ్గరికి వస్తుందో లేదో చూడటం నాకు చాలా ఇష్టమైన పని.

ఒకసారి నా వర్క్ పర్మిట్ రెన్యూవల్ ఆలస్యమై కొన్ని నెలలు ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుస్తుంది. చేతిలో పని ఉండీ, చేసేవాళ్లు ఉండీ, ఒక్క కార్డు రాక ఆగిపోవడం అన్యాయం. మా షాపు యజమాని నా బెంచీ మీద ఇంకెవర్నీ కూర్చోబెట్టలేదు. సగంలో ఉన్న హార్నెస్‌ని బోర్డుతో సహా గుడ్డ కప్పి ఉంచాడు. నేను తిరిగొచ్చాక, నా డ్రాయింగులోంచే మొదలుపెట్టాను.

ఇదంతా రాయడానికి కారణం ఉంది. ఈఈఈ, ఈసీఈ చదివి, కోడింగ్ తప్ప దారి లేదనుకుంటూ ఇళ్లల్లో ఉండిపోయిన అక్కచెల్లెళ్లు ఈ దేశంలో చాలామంది నాకు తెలుసు. పని అనుమతి ఉంటే మీ ఊరి చిన్న విమానాశ్రయం పక్కన ఏవియానిక్స్ (విమానాల ఎలక్ట్రానిక్స్) షాపు ఉందేమో చూడండి. హార్నెస్ పనికి ఐపీసీ ఏ-620 అనే ప్రమాణం ఉంది, దానిలో శిక్షణ తీసుకుంటే మీ మాటకి బలం వస్తుంది. సర్క్యూట్ డ్రాయింగు చదవడం మీకు ఎలాగూ వచ్చు. ఇంటర్వ్యూలో బహుశా ఒక క్రింపరు, కొన్ని వైరు ముక్కలు చేతికిస్తారు. 19 పోగుల్లో ఒక్కటి కూడా తెగకుండా తొడుగు వలవడం ముందు ఇంట్లో సాధన చేసి వెళ్లండి.