పేరు చూసి మోసపోయా

‘నాన్-స్పోర్టింగ్ గ్రూప్’ అని చదివి, పరుగుల గోల ఉండదులే, ఫ్లాట్‌కి సరిపోతుందని డాల్మేషన్ అనే చుక్కల కుక్కని తెచ్చుకున్నా. వారానికే జ్ఞానోదయమైంది. కుక్క జాతుల్ని గుంపులుగా విడగొట్టే అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాళ్లు మిగతా గుంపుల్లో ఇమడని జాతులన్నిటినీ అందులో వేశారు. బుల్‌డాగ్, పూడిల్, లాసా ఆప్సో, మా చుక్కలోడు, అందరూ ఒకే గాటన! వీడి తాతముత్తాతలేమో గుర్రబ్బళ్ల పక్కన మైళ్లకు మైళ్లు పరిగెత్తినవాళ్లు.

నల్ల ప్యాంటు వేసుకోవడం మానేశా. పొట్టి తెల్ల వెంట్రుకలు సూదుల్లా గుచ్చుకుని బ్రష్‌కి కూడా రావు. ఈ జాతికి మూత్రంలో రాళ్ల బెడద ఎక్కువట, లివర్ ముక్కలు పెట్టొద్దని, నీళ్లు బాగా తాగించమని డాక్టర్ గట్టిగా చెప్పారు.

ఇవాళ నాలుగు కిలోమీటర్లు నడిచాం. నాకు పిక్కలు పట్టేశాయి. వాడు నా చెప్పు నోట కరుచుకుని మళ్లీ తలుపు దగ్గరే నిలబడ్డాడు.